డ్రైవ్‌వేలో మండువా

మా ఊరు కోనసీమలో. నాన్న పుట్టిన మండువా లోగిలిని నాలుగేళ్ల క్రితం పడగొట్టారు. ఏటా వానలకు ముందు పెంకులు సర్దే మనిషి దొరకడం లేదు, దూలాలకు చెద పట్టింది, వాటాదారులు ఏడుగురు. "ఏమంటావమ్మా?" అని నాన్న ఫోన్లో అడిగినప్పుడు నేను డాలస్‌లో ఆఫీసు మీటింగుకి పరిగెడుతున్నాను. "మీ ఇష్టం నాన్నా" అనేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. టేకు స్తంభాలు, చెక్కడపు గుమ్మాలు పాత కలప వ్యాపారి లారీలో వెళ్లిపోయాయి.

పిల్లలకు ఫోటోలు చూపించాను. అమ్మాయి "ఓకే" అని లేచిపోయింది. ఏడేళ్ల వాడు మాత్రం "ఇంటి మధ్యలో కప్పు లేకపోతే వాన పడదా?" అన్నాడు. పడుతుంది, పడాలనే అలా కట్టారు అన్నాను. ఫోటోలు పక్కన పెట్టేశాను.

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి వదిలేసిన చోటు. నాలుగు వైపుల పెంకు కప్పులూ లోపలికే వాలి ఉంటాయి. వాన వస్తే నాలుగు చూర్ల నీళ్లూ అక్కడే దిగుతాయి; మామ్మ మూలల్లో గంగాళాలు పెట్టేది. మిగిలిన నీరు తూములోంచి పెరట్లో కొబ్బరి చెట్లకు. ఎండాకాలం వేడి మండువాలోంచి పైకి పోతుంటే వీధి అరుగు వైపు నుంచి గాలి లోపలికి లాగేది. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపిన గచ్చు పాదాలకు చల్లగా తగిలేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంటలు పెరిగాయి, ఇలాంటి లోగిళ్లూ లేచాయి.

ఏ గదికి వెళ్లాలన్నా మండువా చుట్టూ ఉన్న వసారాలోంచే. ఎవరు అలిగారో, ఎవరికి జ్వరమో అందరికీ తెలిసిపోయేది. కొత్త కోడలిగా ఆ చూపుల మధ్య ఊపిరాడేది కాదని అమ్మ అంటుంది. అదీ పిల్లలకు చెప్పాను. ఇక్కడ మా ఇంట్లో తలుపులు వేసుకుంటే సాయంత్రం దాకా ఒకరి ముఖం ఒకరు చూడం. నాకు ఇదే ఎక్కువ భయం.

గత శనివారం డ్రైవ్‌వేలో చాక్‌పీసులతో ఆ ఇంటిని అసలు కొలతకు గీయడం మొదలుపెట్టాం. కొలతలు ఎవరి దగ్గరా లేవు. పడగొట్టే ముందు ఒక్క పూట టేపు పట్టి ఉంటే సరిపోయేది. వీడియో కాల్‌లో నాన్న హాల్లో నడిచి, తన అడుగులు లెక్కపెట్టి చెప్పారు. "తూము అటు కాదమ్మా, ఈశాన్యం మూల." స్తంభాలకు ఎనిమిది గుండ్రాలు గీశాం. మండువా, వసారాలు పట్టేసరికే డ్రైవ్‌వే అయిపోయింది. గదులకు పచ్చిక మీద తాడు పరిచాం. ధాన్యం గాదె పక్కింటి కంచె దాకా వెళ్లింది.

వాడు గీతలు తొక్కకుండా, గుమ్మం గీసిన చోటు నుంచే లోపలికి వచ్చాడు. "తాతయ్యా, నేనెక్కడ పడుకోవాలి?"

"ఉత్తరం వసారాలో, ఉయ్యాల బల్ల పక్కన. జల్లు కాళ్ల మీద పడుతుంది, దుప్పటి తెచ్చుకో" అన్నారు నాన్న.