మూడో హీటర్ కోర్ కొనే ముందు

అద్దం లోపల జిడ్డుగా ఆవిరి, క్యాబిన్‌లో తియ్యటి వాసన, పక్క సీటు కింద కార్పెట్ తడి. హీటర్ కోర్ కారుతోందనడానికి ఇంతకంటే గుర్తులు అక్కర్లేదు. ఇంజను వేడిని మోసుకొచ్చే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) పారే చిన్న రేడియేటరే ఈ కోర్; క్యాబిన్‌కి వేడి గాలి దీని మీదుగానే వస్తుంది. 1999–2003 ఫోర్డ్ సూపర్ డ్యూటీ 7.3 లాంటి పాత డీజిల్ ట్రక్కులో ఒకసారి కోర్ పోయిందంటే వయసు అనుకోవచ్చు. కొత్తది వేసిన ఏడాదికే మళ్లీ పోయిందంటే మాత్రం రోగం కోర్‌లో లేదు. అమెరికా చలి రాష్ట్రాల్లో ఇలాంటి పికప్ నడిపే మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హీటర్ లేకపోతే అద్దం మీద మంచు వీడదు, దారి కనపడదు.

తీసిన కోర్‌ని పారేయకండి. ఆరబెట్టి, రంపంతో కోసి లోపల చూడండి. గొట్టం గోడకు సూదిమొనంత చిల్లు, దాని చుట్టూ తెల్లగానో నల్లగానో పొక్కు కట్టి ఉంటే లోపలినుంచి తినేసినట్టు: కూలెంట్ పాడైంది, లేదా అందులో కరెంటు పారుతోంది. కూలెంట్ లోపలికొచ్చే మూల దగ్గర రేకు నున్నగా అరిగి పల్చబడితే ప్రవాహం జోరెక్కువ. కోర్ చివరుండే ట్యాంకు ఉబ్బి అతుకు విడితే ఒత్తిడి. రబ్బరు పైపు తగిలించే మెడ దగ్గర పగిలితే పైపు లాగినవాడి చెయ్యి.

కరెంటు సంగతి పది నిమిషాల్లో తేలుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మూత తీయండి. డిజిటల్ మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ముల్లు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర ముల్లు కూలెంట్‌లోకి. అది లోహానికి తగలకూడదు. 0.4 వోల్టులు దాటితే తప్పున్నట్టే. ఇంజను ఆపి, రెండు బ్యాటరీల నెగెటివ్‌లూ విప్పి, నల్ల ముల్లు ఇంజను మీద శుభ్రమైన లోహానికి పెట్టినా అంకె అలాగే ఉంటే కూలెంటే బ్యాటరీలా పనిచేస్తోంది, మార్చాల్సిందే. నెగెటివ్‌లు బిగించాక బ్లోయరో, లైట్లో, స్టార్టరో వేయగానే అంకె ఎగిరితే ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి) సరిగ్గా లేదు. ఇంజను నుంచి ఛాసిస్‌కి, క్యాబిన్ గోడకి వెళ్లే పట్టీలు విప్పి, తుప్పు గీకి, మెరిసే లోహం మీద బిగించండి. స్టార్టర్ తిప్పేటప్పుడు ఇంజను బ్లాకుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.2 వోల్టులు మించకూడదు. తర్వాత అమర్చిన విన్చ్ (బరువులు లాగే తాడు యంత్రం), స్టీరియోల ఎర్త్‌లే ఎక్కువగా దొంగలు. కోర్‌కే ఎర్త్ వైరు కట్టమని కొందరంటారు, అది మాత్రం వద్దు. కరెంటుకి మీరే దారి వేసినట్టవుతుంది.

కూలెంట్ మార్చడంలో చాలామంది తప్పేది కొలత దగ్గరే. డిస్టిల్డ్ నీళ్లు నింపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లారాక ఆ నీళ్లు బయటికి వదిలేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు చేయాలి. చివరికి బ్లాకులో నీళ్లు ఎలాగూ మిగులుతాయి. అందుకని నీళ్లు ముందే కలిపిన కూలెంట్ పోస్తే పల్చబడిపోతుంది. మాన్యువల్‌లో రాసిన మొత్తం కొలతలో సగం చిక్కటి (నీళ్లు కలపని) కూలెంట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ నీళ్లతో నింపండి. సగం సగం మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. బోరునీళ్లు, కుళాయినీళ్లు వద్దు.

ఈ ఇంజనుకి పాత పచ్చ కూలెంట్ వాడితే ఎస్‌సీఏ (కూలెంట్‌లో అదనంగా కలిపే రక్షణ మందు) కూడా కలపాలి. లేకపోతే బుడగలు పేలి సిలిండర్ గోడలకు గుంటలు పడతాయి. అందులోని నైట్రైట్‌ను సాధారణంగా 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) కంటే తగ్గనివ్వరు. టెస్ట్ స్ట్రిప్ (రంగు మారి మోతాదు చూపే పట్టీ) ముంచి చూడకుండా ప్రతి ఆయిల్ మార్పుకీ ఒక సీసా ఒంపడం కూడా తప్పే. మోతాదు మించితే జిగురులా పేరుకుని మొదట మూసుకుపోయేవి కోర్ సన్న గొట్టాలే. లీకు ఆపే పొడులదీ అదే పని.

ప్రవాహం జోరు తగ్గించడానికి రిస్ట్రిక్టర్ అనే చిన్న ముక్క ఉంది. కోర్‌లోకి వెళ్లే పైపులో, బాణం గుర్తు కోర్ వైపు ఉండేలా పెట్టాలి. పైపు మార్చినప్పుడు పాతదానితో పాటు ఇదీ చెత్తలోకి పోతుంటుంది, చూసుకోండి. ఒత్తిడి సంగతికొస్తే, కూలెంట్ ట్యాంకు మూత అరిగితే దానిమీదున్న ఒత్తిడి అంకెతోనే కొత్తది వేయండి, ఎక్కువది కాదు. రాత్రంతా ఆగిన ట్రక్కు మూత పొద్దున తీస్తే బుస్సుమంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య సీలు) పరీక్షించాలి.

పాత రబ్బరు పైపు మెడకు అంటుకుపోతే మెలిపెట్టొద్దు. బ్లేడుతో నిలువునా చీల్చి ఒలవండి. స్ప్రింగ్ క్లిప్పులే వాడండి, రబ్బరు ముడుచుకున్నా పట్టు వదలవు.