మసక గీత ఒకటి, పద్నాలుగు నెలలు: మా రొయ్యల పేపరు అచ్చుకెక్కిన వైనం

నిన్న రాత్రి పదకొండున్నరకి మెయిల్ వచ్చింది. పేపరు తీసుకున్నారు. పంపిన రోజు నుంచి లెక్కేస్తే పద్నాలుగు నెలలు. ఒళ్ళు మండిన సంగతులు చల్లారకముందే రాసేస్తున్నాను. మన వైపు డిగ్రీ కాలేజీ లాబుల్లోంచి ఎవరైనా పేపరు పంపుదామనుకుంటే పనికొస్తుంది.

విషయం వనామీ రకం రొయ్యలో ఈహెచ్‌పీ, పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపినేయి. ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు వైపు ఏ చెరువు గట్టున నిలబడినా ఈ మాట వినపడుతుంది. రొయ్య చావదు, ఎదగదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) మాత్రం రాదు. హెపటోపాంక్రియాస్, అంటే రొయ్యకి కాలేయం లాంటి జీర్ణగ్రంథి, దాని కణాల లోపల బతికే మైక్రోస్పోరిడియన్ అనే పరాన్నజీవి ఇది, బీజం పొడుగు ఒక మైక్రాను పైచిలుకు. 2009లో థాయిలాండ్ వాళ్ళు టైగర్ రొయ్యలో చూసి, పేరు పెట్టి అచ్చేశారు. 2023లో ఆ పేరులో మొదటి సగం మారి ఎసైటోన్యూక్లియోస్పోరా అయింది. మేం పాత పేరే రాసి పంపాం. ఆ ముచ్చట తర్వాత.

శాంపిళ్ళు తీయడం తేలికే, రెండు సంగతులు గుర్తుంటే. చచ్చిన రొయ్య వద్దు. హెపటోపాంక్రియాస్ నిండా జీర్ణరసాలే కాబట్టి ప్రాణం పోయిన నిమిషాల్లోనే తనని తానే అరిగించుకుంటుంది, స్లైడు మీద పేస్టు తప్ప ఏమీ కనపడదు. పీసీఆర్‌కి, అంటే డీఎన్‌ఏని కాపీలుగా పెంచి పట్టే పరీక్షకి, ముక్కని 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తే చాలు. హిస్టాలజీకి, అంటే కండని పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూడడానికి, డేవిడ్సన్ ద్రావణం కావాలి: లీటరుకి 95 శాతం ఆల్కహాల్ 330 మిల్లీలీటర్లు, ఫార్మలిన్ 220, గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ 115, నీళ్ళు 335. బతికున్న రొయ్యకి ముందు హెపటోపాంక్రియాస్‌లోకే సూదితో ఎక్కించి, తర్వాత మొత్తం రొయ్యని దానికి పదింతల ద్రావణంలో ముంచాలి. ఒకటి రెండు రోజులయ్యాక 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. మార్చడం మర్చిపోతే కండ గట్టిపడి బ్లేడుకి లొంగదు.

రాయడానికి మూడు వారాలు పట్టింది. జర్నల్ వెతుక్కోవడానికి అంతకంటే ఎక్కువ. ఒక్క పేపరు ఎక్కడైనా కనపడితే చాలు, "గౌరవనీయ ప్రొఫెసర్ గారికి" అంటూ రోజూ మెయిళ్ళు మొదలవుతాయి. మూడు రోజుల్లో రివ్యూ, వారంలో ప్రచురణ, ఫీజు ఫోన్‌పే చెయ్యండి. కాలేజీ ఆఫీసుల్లో ప్రమోషన్ ఫైలు చూసేవాళ్ళకి ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుంటే చాలు, కళ్ళు మూసుకుని టిక్కు పెడతారు. అయ్యా, ఐఎస్‌ఎస్‌ఎన్ నాణ్యతకి ముద్ర కాదు, బండికి నంబరు ప్లేటు లాంటిది. బ్రేకులున్నాయో లేవో అది చెప్పదు. నమ్మదగ్గ జర్నళ్ళంటూ యూజీసీ పెట్టిన కేర్ జాబితా కూడా 2025లో ఎత్తేశారు కాబట్టి ఇక ఎవరి జాగ్రత్త వాళ్ళదే. జర్నల్ సైట్లో స్కోపస్ (జర్నళ్ళ డేటాబేసు) బొమ్మ చూసి నమ్మకండి, స్కోపస్ జాబితాలోకే వెళ్ళి పేరు వెతకండి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్నాయన తన సొంత పేజీలో ఆ జర్నల్ పేరు చెప్పుకున్నాడా చూడండి. మేం చివరికి రాసేవాళ్ళకి ఫీజు అక్కర్లేని, చదివేవాళ్ళే చందా కట్టే జర్నల్‌కి పంపాం. ఆలస్యమవుతుందని తెలిసే పంపాం.

ఐదు నెలలకి ఇద్దరు రివ్యూయర్ల ఉత్తరాలు వచ్చాయి.

మొదటాయన మంచివాడు. పేరు మారిందన్నాడు, దిద్దుకున్నాం. ఇంకో మాటన్నాడు: "వైట్ ఫీకల్‌కి కారణమైన ఈహెచ్‌పీ అని రాశారు. ఎవరు తేల్చారు?" ఇక్కడ కొంచెం ఆగాలి. వైట్ ఫీకల్ అంటే రొయ్య మలం తెల్లగా పడే జబ్బు.

జబ్బు ముదిరిన చెరువులో చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తితే తెల్లటి దారాలు కనపడతాయి, గాలివాటు మూలకి తేలి చేరతాయి. దారం ఒకటి స్లైడు మీద నలిపి చూస్తే సన్నగా, పొడుగ్గా, పారదర్శకంగా, అచ్చం పురుగుల్లాంటివే. "పురుగులేనండీ సార్, కళ్ళారా చూసేను, ఆయ్," అంటారు రైతులు. నేనూ అవి గ్రెగరైన్లనే (పురుగుల్లా కనపడే పరాన్నజీవులు) పాఠం చెప్పినవాణ్ణి. 2014లో థాయి బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి అచ్చేసింది: అవి పురుగులు కావు. వాటిలో కణ నిర్మాణమే లేదు. హెపటోపాంక్రియాస్ గొట్టాల లోపలి కణాల మీదుండే నూగు, అంటే మైక్రోవిల్లై, ఊడి, చుట్టుకుని, పోగుపడి అలా పురుగు రూపానికొచ్చాయి. అంటే రొయ్య తన పేగు వెంట బయటికి తోస్తున్నది తన ఒంటినే. ఆ పేపరు చదివాక అదే స్లైడు మళ్ళీ పెట్టి చూశాను. కంటికి కనిపించిందేమీ మారలేదు, నాకు మాత్రం అది ఇక పురుగు కాదు. పురుగుల మందని బస్తాలు బస్తాలుగా మేతలో కలిపించినవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి రైతుకి చెప్పరు.

అంతకుముందే, 2013లో, ఈహెచ్‌పీ వైట్ ఫీకల్‌కి కారణం కాదని పేపరు శీర్షికలోనే రాశారు. తర్వాత 2021, 2022ల్లో చేసిన ప్రయోగాల్లో ఈహెచ్‌పీకి కొన్ని బాక్టీరియా తోడైతే జబ్బు తెప్పించగలిగారు. కాదన్నదీ పేపరే, కొంత అవునన్నదీ పేపరే. గట్టు మీద మాత్రం మొదటి రోజు పుకారే ఇంకా నడుస్తోంది. మేం కూడా చదువుకుని ఆ పుకారే రాశాం. ఆ వాక్యం తీసేశాం.

ఇక రెండో రివ్యూయర్. మొదటి లైనే, "ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారితో దిద్దించండి." ఆ కామెంట్లలో రెండు స్పెల్లింగు తప్పులున్నాయి, ఎర్ర పెన్నుతో చుట్టి దాచుకున్నాను. నాలుగో కామెంటు దగ్గర మాత్రం నోరు పడిపోయింది. "రెండో బొమ్మలో జెల్ ఎందుకు కత్తిరించారు? నెగెటివ్ కంట్రోల్ గడి ఏది? మొత్తం జెల్ పంపండి. మలం శాంపిళ్ళకి ఎస్‌ఎస్‌యూ ప్రైమర్లు వాడడం సరికాదని తెలియదా?"

జెల్ అంటే పీసీఆర్‌లో వచ్చిన డీఎన్‌ఏ ముక్కలు సైజు ప్రకారం గీతలుగా కనపడే పలక. దాని ఫోటో కత్తిరించింది పేజీలో పట్టడానికే. అసలు ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. చివరి గడి, నీళ్ళు తప్ప ఏమీ పోయని గడి. అందులో 176 దగ్గర ఒక గీత. మసక మసకగా, వేలితో రుద్దినట్టు. ఏడాది నుంచి నా కంప్యూటర్లోనే ఉంది.

తెలియనివాళ్ళ కోసం: ప్రైమర్లంటే ఏ డీఎన్‌ఏ భాగాన్ని కాపీ చెయ్యాలో గుర్తుపట్టే చిన్న ముక్కలు, ఎస్‌ఎస్‌యూ ఒక రైబోజోము జన్యువు, నెస్టెడ్ అంటే రెండు విడతల పీసీఆర్. ఎస్‌ఎస్‌యూ నెస్టెడ్ పీసీఆర్‌లో మొదటి విడత ముక్క 779 బేస్ జతలు, రెండో విడతది 176. నీళ్ళ గడిలో ఏమీ రాకూడదు. వచ్చిందంటే డీఎన్‌ఏ ఎక్కడి నుంచో కారిందన్నమాట, ఇక మిగతా గడుల్లో పాజిటివ్‌లన్నీ అనుమానమే. నెస్టెడ్‌లో ఇది మామూలు ప్రమాదం. మొదటి విడత ట్యూబులో కోట్ల కాపీలుంటాయి, మూత తీసిన క్షణంలో కంటికి కనపడని తుంపర పిపెట్టుకీ చేతి తొడుగుకీ అంటుకుంటుంది.

భీమవరంలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఒక మాట అనకుండా ఉండలేను. ఈ ఊళ్ళోనే 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే రంగు పద్ధతి అచ్చేశారు. కండ రసంలో కొలుస్తుంటే రంగు వెంటనే రాకుండా నింపాదిగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకుని తవ్వితే కండకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1927లో ప్రకటించారు. కండ కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నమ్మకం అక్కడే వదులైంది. ఆయన తేడా రంగుని చూశారు, మేం తేడా గీతని కత్తిరించాం. ఊరు ఒక్కటే.

మళ్ళీ మొదలెట్టాం. ఒక్కొక్క సరుకూ మార్చి ఉత్త నీళ్ళతో నడిపాం: కొత్త ఎంజైముతో పాత నీళ్ళు, పాత ఎంజైముతో కొత్త నీళ్ళు, తర్వాత కొత్త ప్రైమర్లు. కొత్త నీళ్ళు పోసిన ప్రతిసారీ గీత మాయం. అందరూ వాడే నీళ్ళ సీసా పాడైంది. అప్పట్నుంచి నీళ్ళని చిన్న ట్యూబుల్లో పంచి, ఒకసారి తెరిచింది మళ్ళీ వాడడం లేదు. మాకున్నది ఒక్క గది. మాస్టర్ మిక్స్ (డీఎన్‌ఏ తప్ప పీసీఆర్ సరుకులన్నీ ఉండే మిశ్రమం) కలపడానికి మ్యూజియం గది తీసుకున్నాం, ఫార్మలిన్ సీసాల్లో సొరచేప పిల్లల మధ్య. ఆ గది పిపెట్లు ఆ గదివే, ఫిల్టరు టిప్పులే, బల్ల 10 శాతం బ్లీచుతో తుడిచి తర్వాత నీళ్ళతో. నెగెటివ్ కంట్రోల్ ట్యూబు అన్నిటికంటే చివర్న మూయాలి, దారిలో ఏం కారినా అందులో దొరకాలి.

ప్రైమర్ల విషయంలోనూ రెండో ఆయన మాటే నిజం. ఎస్‌ఎస్‌యూ జన్యువు దగ్గరి చుట్టాలైన వేరే మైక్రోస్పోరిడియాలోనూ దాదాపు అలాగే ఉంటుంది. మలంలో, చెరువు మట్టిలో అవి ఉంటే అవీ పాజిటివ్ చూపిస్తాయి. 2016లో బీజం గోడ ప్రోటీన్ జన్యువు మీద కొత్త ప్రైమర్లు అచ్చయ్యాయి, ముక్కలు 514, 148. వాటితో తిరగేస్తే మేం పాజిటివ్ అన్న చెరువుల్లో మూడు నెగెటివ్ అయ్యాయి. అందులో ఒక రైతు ఆ రిపోర్టు చూసే పంట ముందే పట్టేశాడు. అతనికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "పోనీలెండి సార్," అన్నాడు.

జవాబు ఉత్తరం ఎలా రాయాలంటే, ఆయన మాట యథాతథంగా పెట్టండి, కింద మీ జవాబు, మార్చిన లైను నంబరు. తప్పయితే తప్పని ఒక్క వాక్యంలో ఒప్పుకోండి, సాకులొద్దు. ఇంగ్లీషు కామెంటుకి నేను "దిద్దాం" అని మాత్రమే రాశాను. చేతులు దురద పెట్టాయి, ఆపుకున్నాను. కత్తిరించని జెళ్ళన్నీ పంపాం.

ఇక మిగిలింది ప్రూఫు, అంటే అచ్చుకి ముందు దిద్దే కాపీ, 48 గంటల్లో తిప్పి పంపాలి. మైక్రోలీటర్లు మిల్లీలీటర్లయిపోయాయేమో ముందు చూసుకోవాలి.

పొద్దున్నే కాళ్ళ ఊరి నుంచి ఆ రైతే ఫోన్. "పేపరు వచ్చిందంట కదండీ. మరి ఏం వెయ్యమంటారు?" మందు లేదన్నాను. పంట పట్టాక చెరువు బాగా ఎండగట్టి, హెక్టారుకి 6 టన్నుల పొడి సున్నం, కాల్చిన రాయి సున్నమే, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని కలిపి, తడపాలి. మట్టి పీహెచ్ 12కి ఎక్కాలి, లేకపోతే బీజం చావదు. ఎకరానికి దగ్గర దగ్గర రెండున్నర టన్నులు.

"లారీ కిరాయి కాకుండానా?" అన్నాడు.