ఎగ్ మఫిన్లు: గొడవంతా నీళ్ళతోనే

ఆదివారం సాయంత్రం ఓ గంట వంటింట్లో నిలబడితే బుధవారం దాకా పొద్దున్నే టిఫిన్ టెన్షన్ ఉండదు కదా అని ఎగ్ మఫిన్లు మొదలుపెట్టాను, అంటే గుడ్ల సొనలో కూరగాయలు కలిపి గుంతల ట్రేలో పోసి ఓవెన్‌లో బేక్ చేసేవి. మొదటిసారి చేసినవి వేడివేడిగా తింటే బాగానే ఉన్నాయి. మర్నాడు డబ్బా మూత తీసి చూస్తే అడుగున నీళ్ళు, ఆ నీళ్ళలో నానుతున్న మఫిన్లు, పట్టుకుంటే తడి స్పాంజిలా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి ఎలాగో కానిచ్చాను.

తప్పు నాదే. పుట్టగొడుగులు, పాలకూర, టమాటా పచ్చివే తరిగి గుడ్ల సొనలో కలిపేశాను. పుట్టగొడుగుల బరువులో 90 శాతం దాకా నీళ్ళే, అవన్నీ ఓవెన్ వేడికి బయటికి రాక ఎక్కడికి పోతాయి? ఇప్పుడు ముందుగా బాణలిలో వేయిస్తున్నాను. మొదట నీరు ఊరి, ముక్కలు అందులోనే ఉడుకుతుంటాయి, చాలామంది అక్కడే దించేస్తారు. అది మొత్తం ఇగిరిపోయి ముక్కల అంచులు ఎర్రబడే దాకా ఆగాలి. పాలకూరైతే వాడ్చి, చల్లారాక గుప్పిట్లో పట్టి గట్టిగా పిండాలి, పెద్ద కట్ట కూడా చివరికి నిమ్మకాయంత ముద్దవుతుంది. టమాటాకి గింజలూ గుజ్జూ తీసేస్తే చాలు.

కూరగాయలు సరిచేసుకున్నాక కూడా ఒకసారి నీళ్ళొచ్చాయి, అప్పుడు తెలిసింది ఎక్కువసేపు బేక్ చేసినా ఇదే గతి అని. గుడ్డు అతిగా ఉడికితే అందులోని ప్రొటీన్లు బిగుసుకుపోయి లోపలి తేమని బయటికి నెట్టేస్తాయి. అందుకే 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు అనుకున్నా, 17వ నిమిషం నుంచే చూడటం మొదలుపెడతాను. ట్రే కాస్త కదిపితే మధ్యలో మెత్తగా వణకాలి, కానీ పచ్చి సొన కనిపించకూడదు. థర్మామీటర్ ఉంటే మధ్యలో 71 డిగ్రీలు దాటిందో లేదో చూసుకోండి. బయటికి తీయగానే పొంగినవన్నీ కుంగిపోతాయి, కంగారు పడకండి, లోపలి ఆవిరి పోయిందంతే.

కొలతలకొస్తే 12 గుంతల ట్రేకి 10 గుడ్లు, పావు కప్పు పాలు, ఉప్పు, మిరియాల పొడి, గుప్పెడు తురిమిన చీజ్. పాలు ఎక్కువైతే మళ్ళీ నీళ్ళే. సొన బాగా కలిస్తే చాలు, నురగ వచ్చేలా గిలక్కొట్టకండి, ఎంత పొంగితే అంత కుంగుతాయి. గుంతలు ముప్పావు వంతే నింపాలి. కాగితం కప్పులు మాత్రం నేను వాడను, సగం మఫిన్ కాగితానికే అంటుకుంటుంది. సిలికాన్ ట్రే ఉంటే హాయి, లేకపోతే వెన్న మూలమూలలకీ పూయండి, నూనె పూస్తే నాకెప్పుడూ ఎక్కడో ఓ చోట పట్టేస్తుంది.

వేడి మీద మూత పెడితే ఆవిరి మళ్ళీ నీళ్ళై దిగుతుంది కాబట్టి జాలీ మీద పూర్తిగా చల్లారనివ్వాలి, అలాగని 2 గంటలకి మించి బయట ఉంచొద్దు. డబ్బా అడుగున ఒక టిష్యూ పరిచి పెడితే ఫ్రిజ్‌లో 3, 4 రోజులు బాగుంటాయి. మిగతావి ముందు ప్లేటులో విడివిడిగా పెట్టి గడ్డకట్టాక కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెడతాను, లేకపోతే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒక్క మఫిన్ కోసం సుత్తి వెతుక్కోవాల్సి వస్తుంది. బంగాళదుంప వేసినవి ఫ్రీజర్‌కి పనికిరావు, కరిగాక ఇసుకలా తగులుతుంది.

వేడి చేసేటప్పుడు తడి టిష్యూ చుట్టి మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద నిమిషం పెడితే సరిపోతుంది, ఫుల్ పవర్ పెడితే రబ్బరే. ఫ్రీజర్‌లోవి రాత్రే తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. నేను రెండు రోజులకోసారైనా మర్చిపోతాను, ఆ పూటకి మామూలు ఆమ్లెట్టే.