యూనివర్స్ శాండ్‌బాక్స్‌లో మార్స్ మీద సముద్రం నిలబెట్టిన నా అనుభవం

యూనివర్స్ శాండ్‌బాక్స్ అంటే చాలామందికి గుర్తొచ్చేది భూమిని పేల్చేసే వీడియోలే. గ్రహాల్ని, నక్షత్రాల్ని మన ఇష్టమొచ్చినట్టు మార్చి ఏమవుతుందో చూసుకునే గేమ్ ఇది, డాన్ డిక్సన్ అనే ఆయన 2008లో మొదలుపెట్టాడు, ఇప్పుడు మనం ఆడే వెర్షన్ 2015లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులోకి ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడేలా, వచ్చింది. పేల్చడం మొదట్లో సరదాగానే ఉంటుంది, కాదనను, రెండో వారానికి బోర్ కొట్టేస్తుంది. నేను దీనికి అతుక్కుపోయింది మాత్రం మార్స్‌కి నీళ్లు పోసి, ఆ నీళ్లు నిలిచేలా చెయ్యాలన్న పట్టుదలతో.

ముందు చేయాల్సిన పని, మార్స్ చందమామలు ఫోబోస్, డీమోస్ రెండింటినీ తీసెయ్యడం. పాపం అనిపిస్తుంది గానీ తప్పదు, ఫోబోస్ మార్స్ చుట్టూ ఏడున్నర గంటల్లో తిరిగేస్తుంది, దాన్ని సరిగ్గా లెక్కగట్టాలంటే గేమ్ చిన్న చిన్న అడుగులే వెయ్యాలి, స్పీడ్ పెంచితే కక్ష్య చెదిరి అది ఎటో ఎగిరిపోతుంది. మనకి కావాల్సింది వాతావరణం ఏళ్ల తరబడి ఎలా మారుతుందో చూడటం కాబట్టి చందమామలు అడ్డే.

తర్వాత నీళ్లు. గ్రహం అంతా సమానంగా పరిస్తే వంద మీటర్ల లోతు వచ్చేంత లెక్కేసుకుని పోశా, అది భూమి సముద్రాల్లో వందో వంతు అంతే. పోశాక ఏమవుతుందంటే మొత్తం గడ్డకట్టేస్తుంది. మార్స్ సగటు టెంపరేచర్ మైనస్ 63 కదా, ఎండ మనకొచ్చే దాంట్లో 43 శాతమే. పైగా ప్రెజర్ 6 మిల్లీబార్లు, అంటే మన గాలిలో నూట యాభైయో వంతు కన్నా తక్కువ, ఆ ప్రెజర్‌లో మంచుని వేడి చేస్తే నీళ్లవ్వకుండా దాదాపు నేరుగా ఆవిరైపోతుంది. దక్షిణాన ఉన్న హెల్లాస్ అనే పెద్ద గుంట అడుగున మాత్రం లోతు వల్ల ప్రెజర్ 12 మిల్లీబార్ల దాకా ఉంటుంది, అక్కడ కాస్త అవకాశం.

కాబట్టి గాలి పెంచాలి. గేమ్‌లో ఇది మరీ సులువు, ఒక అంకె మార్చి ఎంటర్ కొడితే భూమంత ప్రెజర్ వచ్చేస్తుంది, అసలు కథ వేరే. మార్స్ ధ్రువాల దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ అంతా కరిగించినా ప్రెజర్ ఇప్పుడున్న దానికి రెట్టింపు అవుతుందంతే అని జకోస్కీ, ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్తలు 2018లో లెక్క తేల్చారు. ఇంకోటి, అక్కడ గ్రావిటీ తక్కువ కాబట్టి అదే ప్రెజర్ రావాలంటే ప్రతి చదరపు మీటర్ మీదా 27 టన్నుల గాలి ఉండాలి, మన నెత్తి మీద ఉన్నది పది టన్నులు. ఇది నేను కాగితం మీద వేసుకున్న లెక్క, గేమ్ అడగదు చెప్పదు.

మార్స్ టెర్రాఫార్మింగ్, అంటే దాన్ని భూమిలా మార్చడం, అనగానే ఎవరో ఒకరు మాగ్నెటిక్ ఫీల్డ్ లేదుగా, సూర్యుడి నుంచి వచ్చే కణాలు ఊడ్చేస్తాయి, గాలి నిలవదు అంటారు. మార్స్ చుట్టూ తిరగడానికి నాసా పంపిన మావెన్ నౌక కొలిచింది సెకనుకి వంద గ్రాముల గాలి పోతోందని. ఆ లెక్కన నేను నింపిన గాలి పోవడానికి లక్ష కోట్ల సంవత్సరాల పైనే పడుతుంది. సూర్యుడు తన చిన్నతనంలో ఇంకా ఉగ్రంగా ఉన్నప్పుడు ఎక్కువే పోయిందనుకోండి, కానీ ఇప్పుడు ఒకసారి నింపాక ఆ భయం పెట్టుకోనవసరం లేదని నా అభిప్రాయం. నింపడమే అసలు సమస్య.

గాలి పెట్టాక, అది వేడిని పట్టి ఉంచే గుణాన్ని కూడా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వదిలేశా. ఒకేసారి పెంచితే మంచు కరగడం దాటి సముద్రం మరిగిపోతుంది, అందుకే మెల్లగా. ముందు భూమధ్యరేఖ దగ్గర కరిగింది, తర్వాత నీళ్లు పల్లం చూసుకుంటూ జరిగాయి. మా అన్నయ్య కొడుకు పక్కనే కూర్చుని చూస్తూ, "బాబాయ్, నీళ్లు కిందకి కదా పోవాలి, పైకి పోతున్నాయేంటి" అన్నాడు. స్క్రీన్ మీద ఉత్తరం పైన ఉంది మరి! ఉత్తర మైదానాలు దక్షిణం కంటే సుమారు 5 కిలోమీటర్లు పల్లంలో ఉంటాయి, అందుకే సముద్రం అంతా ఒక పక్కకే చేరుతుంది, దక్షిణాన హెల్లాస్ ఒక్కటే పెద్ద చెరువులా మిగులుతుంది. అలా ఎందుకు పల్లమైందిరా అంటే, మొదట్లో పెద్ద గుద్దు తగిలిందని కొందరు, లోపలి వేడి రాతి కదలికలని కొందరు, ఇంకా తేలలేదు. వాడికి గుద్దే నచ్చింది.

ఇక్కడి వరకు గేమ్ అద్భుతం. నాకు పేచీ మొదలయ్యేది సముద్రం వచ్చాక. స్పీడ్ పెంచి వేల ఏళ్లు పరిగెత్తించినా తీరం గీసిన గీత గీసినట్టే ఉంటుంది. నీళ్లు పారతాయి గానీ మట్టిని కోయవు, మోయవు, ఎక్కడా దించవు. నాసా రోవర్ పర్సెవరెన్స్ 2021లో మార్స్ మీద దిగిన జెజెరో గుంటలో నది తెచ్చి పోసిన డెల్టా ఉంది, అలాంటిది ఈ గేమ్‌లో పుట్టదు. గోదావరి ఒండ్రు తేకపోతే మనకి కోనసీమే లేదు కదా, ఇక్కడ మాత్రం నది అంటే తడి గీత. రాయికి వయసే రాదు.

అగ్నిపర్వతాలూ అంతే. మార్స్ మీది ఒలింపస్ మాన్స్ 22 కిలోమీటర్లు లేచిందంటే కారణం అక్కడి నేల పైపొర భూమి మీదలా ముక్కలుగా, అంటే ప్లేట్లుగా, కదలకపోవడం, కింద నుంచి వచ్చిన లావా అంతా ఒకే చోట పోగు పడింది. మన దగ్గర ప్లేటు కదిలిపోయింది. వికారాబాద్ వైపు వెళ్తే కనిపించే నల్ల రాయి 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన దక్కన్ లావా, దాన్ని పొంగించిన వేడి చోటు ఇప్పుడు మారిషస్ పక్కన రీయూనియన్ ద్వీపం కింద ఉంది, మనం ఉత్తరానికి వచ్చేశాం. ఇది గేమ్‌లో చూద్దామంటే ప్లేట్లే లేవు. ఇనుము ఎంత, రాయి ఎంత, నీళ్లు ఎంత అని అడుగుతుంది తప్ప బసాల్టా గ్రానైటా అని అడగదు.

గుద్దులు మాత్రం బాగా చేస్తుంది, కాకపోతే సైజు చూసుకోవాలి. డైనోసార్లని చంపినంత, అంటే పది కిలోమీటర్ల రాయి వేస్తే గ్రహం అంతా కనిపించే దూరం నుంచి పెద్దగా ఏం తెలియదు. నేను సీరీస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని తెచ్చి వేశా, 940 కిలోమీటర్లు, బరువులో పావు వంతు దాకా నీటి మంచే ఉంటుందని అంచనా, అంటే నేను పోసిన దానికంటే ఎక్కువ నీళ్లు అదే మోసుకొస్తుంది. తగిలిన వైపు నేలంతా ఎర్రగా కరిగి, సముద్రం మొత్తం ఆవిరై పైకి లేచింది, ఆ వేడి అంతరిక్షంలోకి పోయేదాకా స్పీడ్ పెంచుకుంటూ కూర్చోవడమే. గుద్దే ముందు సేవ్ చేసుకోండి, ముక్కల సంఖ్య కూడా తగ్గించుకోండి, లేకపోతే మామూలు లాప్‌టాప్ అక్కడే మొరాయిస్తుంది.

ఇప్పుడు వీనస్ పట్టుకున్నా. అక్కడ పని తిరగబడింది, మనకంటే 90 రెట్ల పైన ప్రెజర్, 460 డిగ్రీలు, గాలి తియ్యాలి. గేమ్‌లో అది కూడా ఒక అంకె మార్చడమే, కానీ తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికే 243 రోజులు తీసుకునే గ్రహం మీద ఎండ పడే వైపు నీళ్లు ఏమవుతాయో ఇంకా చూడాలి.