పెంట గుమ్మం నేతగాళ్లు

పరిశుద్ధ దేశ యాత్ర ముగించుకొచ్చి వారం కాలేదు. యెరూషలేములోని ఒక పాత శాసనపు రాయి గురించి రాస్తే గానీ మొక్కుబడి తీరినట్టుండదు.

బృందంలో అందరి ధ్యాసా సిలోయము కోనేటి మీదే. అక్కడికి దారితీసే హిజ్కియా సొరంగం 533 మీటర్లు. ముందువాళ్లు సెల్ఫీకి ఆగితే వెనకున్న వరసంతా చీకట్లో, నీళ్లలో నిలబడాలి. భక్తి ఎక్కడ నిలుస్తుంది!

నేను చెప్పే రాయి 1913-14 తవ్వకాల్లో ఆ సొరంగం ఉన్న గుట్ట మీదే, ఒక పాత నీటి తొట్టిలో దొరికింది. ఇప్పుడు ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. సున్నపురాయి మీద పది వరసల గ్రీకు. వెత్తేనోసు కొడుకు తెయొదొతోసు అనే యాజకుడు, యూదుల సమాజ మందిరపు అధికారి (తండ్రీ తాతా అధికారులే), ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు నేర్పడానికి మందిరం కట్టించాడు. పరదేశం నుంచి వచ్చేవాళ్లకు సత్రం, గదులు, నీటి వసతి కూడా. ప్రార్థన అన్న మాటే లేదు! తండ్రి పేరు లాటిన్‌ది కాబట్టి కుటుంబం రోము నుంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలకముందుదని ఎక్కువమంది అంటారు. రబ్బీల (యూదు ధర్మ బోధకుల) కాలానికి ముందే ధర్మశాస్త్ర పాఠం ఇలా సత్రం పక్కనే సాగింది.

నీళ్లు తాగడానికా, శుద్ధి స్నానానికా? రాయి చెప్పదు. స్నానానికైతే లెక్క గట్టిది. పాత యూదుల కొలతలో వాననీళ్లు 40 సేయాలు, అంటే 960 లోగులు ఉండాలి. లోగంటే ఆరు గుడ్లంత. అన్ని నిండకముందే చేదిన నీళ్లు పడితే తొట్టి చెడుతుంది. ఎన్ని పడితే? బబులోను నుంచి వచ్చిన యూదు గురువు హిల్లేలు ఒక హీను, అంటే 12 లోగులు అన్నాడు. ఆయన సాటి గురువు షమ్మయి 9 కబులు, అంటే 36 లోగులు అన్నాడు. ఇద్దరి మాటా నిలవలేదు. యెరూషలేము పెంట గుమ్మం నుంచి ఇద్దరు నేతగాళ్లు వచ్చి, ముందుతరం గురువులు షెమయా, అవ్తల్యోను చెప్పింది మూడు లోగులేనని సాక్ష్యమిచ్చారు. పండితులు ఒప్పుకున్నారు. 960లో మూడు! హిల్లేలు 'హీను' అన్నదీ గురువు నోటి మాటను అలాగే పలకాలనే, అంటుంది క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ బోధల సంకలనం మిష్నా. అంతటి గురువులు ఉండగా పేర్లు కూడా తెలియని నేతగాళ్ల మాటే నెగ్గింది.

ఇప్పటి పెంట గుమ్మం ఒట్టోమను తురుష్కుల కాలపు నగర గోడలోది. మేం బస్సు ఎక్కింది అక్కడే. లోపలికి తనిఖీ వరస, బయట ఎండ, హారన్లు. బృందంలో ఒకావిడ సీసా మూత తీసి అందరికీ తలా ఒక గుక్క పోసింది.