చేపల చెరువు గట్టు నుంచి జేఆర్‌ఎఫ్ దాకా: ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ప్రిపరేషన్‌లో నాకు పనికొచ్చినవి

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. నాన్నకు ఐదెకరాల చేపల చెరువు ఉంది. డిగ్రీ దాకా నేను తెలుగు మీడియమే. లెక్చరర్ ఉద్యోగానికీ పరిశోధనకూ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌లో రెండో ప్రయత్నంలో పీహెచ్‌డీకి నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ వచ్చింది. ఇప్పుడు కొల్లేరు పక్షుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రకృతి సంరక్షణ వైపు రావాలనుకునే జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ‘ఏ పుస్తకాలు చదివారక్కా’ అని. నేను చెప్పేది మాత్రం వేరే. మీకు బాగా తెలిసిన ఒక చోటు పట్టుకోండి. చెరువైనా సరే, ఊరి వెనక గుట్టైనా సరే. సిలబస్ మొత్తాన్నీ ఆ చోటికి తెచ్చి చదవండి. పరీక్షలో, ఇంటర్వ్యూలో, ఆ తర్వాత ఫండింగ్ దరఖాస్తులో నన్ను నిలబెట్టింది ఇదే.

ముందు ఏ పరీక్ష రాయాలో తేల్చుకోండి. జువాలజీ, బోటనీ వాళ్లు ఎక్కువగా జేఆర్‌ఎఫ్ ఇచ్చే ఇంకో పరీక్ష, సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ వైపు వెళ్తారు. అందులో పార్ట్ సీలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు. ఎకాలజీ, ఎవల్యూషన్, జంతు ప్రవర్తన, అప్లైడ్ బయాలజీ గట్టిగా వచ్చినవాళ్లకు అది వరమే. కానీ తప్పు జవాబుకు పాతిక శాతం మార్కులు పోతాయి. యూజీసీ నెట్‌లో నెగటివ్ మార్కులు లేవు. మూడు గంటల్లో అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ 1లో 50, మన సబ్జెక్టు పేపర్ 2లో 100, మొత్తం 150 ప్రశ్నలు. ఒక్కటి కూడా వదలకూడదు. మొదటిసారి నేను పదకొండు వదిలేసి వచ్చాను, తెలియనిది పెట్టడం తప్పనే భయంతో. ఆ భయం ముందు మీ మనసులోంచి తీసేయండి. వయసు గురించి కూడా చాలామంది కంగారు పడుతుంటారు. జేఆర్‌ఎఫ్‌కు పరిమితి 30 ఏళ్లు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అభ్యర్థులకు ఐదేళ్ల సడలింపు ఉంది. పెళ్లయి చదువు ఆగిపోయిన అక్కలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకింకా టైముంది.

ఇప్పుడు అసలు చదువు. మబ్బు పట్టిన రోజుల్లో నాన్న తెల్లవారుజామున మూడున్నరకే లేచి టార్చ్‌లైట్ పట్టుకుని చెరువు మీదికి వెళ్తారు. చేప పైకి తేలి నోరు తెరుస్తోందంటే గాలి అందట్లేదని లెక్క. వెంటనే కొత్త నీళ్లు పెట్టాలి, ఆ రోజు మేత తవుడు సంచులు కట్టకూడదు. ఇది చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. కానీ ఎమ్మెస్సీలో డిసాల్వ్‌డ్ ఆక్సిజన్ పాఠం చదివినప్పుడు ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వెలుగు లేక అది ఆగిపోతుంది, శ్వాస మాత్రం అన్నిటికీ సాగుతూనే ఉంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. మబ్బు రోజైతే పగలు తయారైందే తక్కువ కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

సంక్రాంతి సెలవుల్లో డిపార్ట్‌మెంట్ నుంచి నీటి నమూనాలకు వాడే బీఓడీ సీసాలు అడిగి తెచ్చుకుని మా చెరువులోనే వింక్లర్ పద్ధతిలో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచాను. సాయంత్రం నాలుగింటికి ఒక సీసా, తెల్లవారి నాలుగున్నరకు ఇంకొకటి. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయోడైడ్ వేయగానే సాయంత్రం సీసాలో ముదురు గోధుమరంగు మడ్డి దిగింది. తెల్లవారుజాము సీసాలో లేతగా, దాదాపు తెల్లగానే ఉండిపోయింది. మడ్డి ఎంత ముదురైతే అంత ఆక్సిజన్ ఉన్నట్టు. ఆ తర్వాత ఆమ్లం వేయడం, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్, స్టార్చ్ నీలిరంగు విరిగిపోవడం. ఇవన్నీ బట్టీ పట్టాల్సిన అవసరం మళ్లీ రాలేదు. నాన్న రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

ఇక పేపర్ 2 సిలబస్‌లో తొమ్మిదో యూనిట్, స్టాటిస్టిక్స్. మనవాళ్లు ఎక్కువమంది దీన్ని చివరికి నెట్టేస్తారు. అలా చేయకండి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగేది ఇందులోంచే. లింకన్–పీటర్సన్ సూత్రం నాకు ఎన్నిసార్లు చదివినా నిలిచేది కాదు. కొన్ని జంతువులను పట్టి గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టినప్పుడు గుర్తున్నవి ఎన్నో చూసి మొత్తం ఎన్నో అంచనా వేసే లెక్క అది. ఒకరోజు గిన్నెలో శనగలు పోసి, వందకు మార్కర్‌తో చుక్క పెట్టి, బాగా కలిపి, గుప్పెడు తీశాను. 60 గింజలు వచ్చాయి, అందులో చుక్కవి 12. వందను అరవైతో గుణించి పన్నెండుతో భాగిస్తే 500. రెండోసారి 30 గింజలే తీస్తే చుక్కవి 8 వచ్చాయి, లెక్క 375 అయింది. నిజంగా ఎన్నున్నాయో కూర్చుని లెక్కపెట్టాను: 480. చిన్న శాంపిల్‌ని ఎందుకు నమ్మకూడదో ఆ గిన్నె చెప్పినట్టు ఏ నోట్సూ చెప్పలేదు. జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ ఇండెక్స్, సింప్సన్ ఇండెక్స్ కూడా ఇలాగే మీ ఊరి పక్షుల మీద వేసి చూడండి. ఒక ఉదయం లెక్కపెట్టిన పక్షులు చాలు.

చట్టాలు, సదస్సులు సంవత్సరాల పట్టికలా చదివితే రెండు వారాల్లో ఆవిరైపోతాయి. ఏది దేనివల్ల వచ్చిందో గొలుసు కట్టుకోండి. 1984 డిసెంబరులో భోపాల్, తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం. చిత్తడి నేలల గొలుసు నేను కొల్లేరు మీద కట్టుకున్నాను. 1971 రామ్‌సర్ ఒప్పందం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని కింద 1999లో ప్లస్ ఐదు కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా కొల్లేరు అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల తొలగింపు, 2017లో కొత్త వెట్‌ల్యాండ్స్ నియమాలు. రాయలసీమ వాళ్లయితే కలివికోడిని పట్టుకోండి. వందేళ్లకు దగ్గరగా ఎవరికీ కనిపించని పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అంతరించిపోయే ముప్పు, ఆవాసం ముక్కలవడం, అభివృద్ధి పనులకూ అభయారణ్యానికీ మధ్య తగవు అన్నీ ఆ ఒక్క పిట్ట కథలో ఉన్నాయి.

పేపర్ 1 గురించి ఒక్క మాట. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగు మీడియం వాళ్లకు కాంప్రహెన్షన్ కష్టమే. రోజూ ఒక పేరా చదివి సారం తెలుగులో రెండు వాక్యాలు రాసుకోవడం నాకు పనికొచ్చింది. ఈ పేపర్ సిలబస్‌లోని భారతీయ తర్కం మాత్రం మన సొత్తు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, అనుపలబ్ధి, జ్ఞానం పొందే ఈ ఆరు మార్గాలూ మనం విన్న మాటలే. ఒక్క అనుమానం దగ్గరే జాగ్రత్త: మనం రోజూ వాడే సందేహం అన్న అర్థం కాదు, పొగను చూసి నిప్పుందని తేల్చుకోవడం.

జేఆర్‌ఎఫ్ వచ్చాక పని అయిపోయిందనుకున్నాను. లేదు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 ఇస్తున్నారు, మా ఇంట్లో అది పెద్ద డబ్బే. కానీ సీటు, గైడు మనమే వెతుక్కోవాలి. ఒకచోట పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో బోర్డులో పెద్దావిడ నా దరఖాస్తు చూసి అడిగారు: ‘మీ నాన్నగారి చెరువు అభయారణ్యం లోపలా, బయటా?’ బయట అన్నాను. ‘మీ వాళ్లవి లోపల ఏమైనా ఉండేవా?’ పెదనాన్నది ఉండేదండీ, 2006లో గట్టు తెగ్గొట్టారు అన్నాను. ‘మరి నువ్వు పక్షుల వైపా, పెదనాన్న వైపా?’

గది నిశ్శబ్దమైపోయింది. తయారు చేసుకున్న జవాబు ఏదీ నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేపల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టినప్పుడు అడుగున మిగిలిన బురద నీళ్లలోకి కొంగలు, ఉల్లంకి పిట్టలు వందల్లో దిగుతాయండీ. ఆ నీళ్లు ఎన్ని రోజులుంటే ఎన్ని పక్షులొస్తాయో, అన్ని రోజులు చెరువు ఖాళీగా ఉంచితే రైతుకు ఎంత నష్టమో ఎవరైనా కొలవాలి, అది నేను కొలుస్తాను అన్నాను. అప్పుడు వరసగా ప్రశ్నలు మొదలయ్యాయి. ఎన్ని చెరువులు తీసుకుంటావు, ఎలా ఎంచుకుంటావు, ఒకే పక్షిని రెండుసార్లు లెక్కపెట్టలేదని ఎలా చెప్తావు. శనగల గిన్నె నాకు అక్కడ అక్కరకొచ్చింది.

ఫీల్డ్ ఖర్చుల కోసం చిన్న గ్రాంట్లు కూడా చూసుకోండి. సైన్స్ వాళ్లకు జేఆర్‌ఎఫ్ కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకిచ్చే డబ్బు) మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, పడవ అద్దెకే చాలదు. రఫోర్డ్ ఫౌండేషన్ చిన్న గ్రాంట్లు మన దేశంలో ఎంతోమంది యువ పరిశోధకులకు వచ్చాయి. మన గురించి చెప్పగల ముగ్గురు రిఫరీలు కావాలి, వట్టి అకడమిక్ ప్రాజెక్టు అయితే ఇవ్వరు. కన్జర్వేషన్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌కు ఒంటరిగా కాదు, జట్టుగా వెళ్లాలి. బెంగళూరులో జరిగే స్టూడెంట్ కాన్ఫరెన్స్ ఆన్ కన్జర్వేషన్ సైన్స్‌కు ఒక పోస్టరైనా పట్టుకెళ్లండి, మీలాంటి వాళ్లు అక్కడే కలుస్తారు.

నా మొదటి గ్రాంటు దరఖాస్తు తిరస్కరించారు. దాని శీర్షిక ‘కొల్లేరు జీవవైవిధ్య సంరక్షణ’. రెండోదానికి ఎండగట్టిన చెరువుల ప్రశ్న ఒక్కటే పెట్టాను, బడ్జెట్‌లో పడవ మనిషి రోజు కూలి దగ్గర్నుంచి రాశాను, వచ్చింది. రిఫరెన్స్ లెటర్ కావాలంటే కనీసం నెల ముందు అడగండి. అడిగేటప్పుడు ఒక పేజీ ఇవ్వండి: మీ ప్రశ్న రెండు వాక్యాల్లో, చేసే చోటు, లెక్కించే పద్ధతి, ఇప్పటికే మీరు చూసింది. గైడ్‌లకు మెయిల్ పెట్టేటప్పుడూ అదే పేజీ జతచేయండి. నేను పద్నాలుగు మందికి పంపితే ముగ్గురు జవాబిచ్చారు. ఆ ముగ్గురూ అడిగింది నాలుగో అంశం గురించే.