తొట్టి కూర్చున్న ఆదివారం

డల్లాస్‌లో మా గరాజ్‌లో ఉన్న 1951 షెవర్లే 3100 పికప్‌కి ఎట్టకేలకు వెనక సామాను వేసే తొట్టి ఎక్కింది. నలుగురు ఫ్రెండ్స్ వచ్చి మోశారు, బిర్యానీ ఆశతోనే అనుకోండి. ఎత్తి పెట్టడం పది నిమిషాలు. సరిగ్గా కూర్చోబెట్టేసరికి సాయంత్రమైంది.

క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందులో ఎడమవైపు వేలు పడుతోంది, కుడివైపు గోరు కూడా దూరడం లేదు. బోల్టులు బిగిస్తే అదే సర్దుకుంటుందిలే అని స్పానర్ అందుకున్నాను. వీడియో కాల్‌లో చూస్తున్న నాన్న ఒక్క అరుపు అరిచారు: "బిగించకురా! ముందు టేపు పట్టు, ఐమూలగా, ఈ మూల నుంచి ఎదురు మూలకి, రెండు వైపులా." విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ బాడీలు కట్టిన మనిషి. పట్టి చూస్తే రెండు కొలతలకీ అర అంగుళం తేడా! ఎక్కువున్న మూలలకి బెల్టు కట్టి, కొలతలు కలిసేదాకా లాగాం.

అయినా వెనక కుడి మూల నొక్కితే లటుక్కుమంటోంది. అక్కడ ఫ్రేమ్ మీద పెట్టిన చెక్క దిమ్మ పలచగా ఉంది. కోసింది నేనే, ఎవర్ని తిట్టను? పావు అంగుళం పలక దూర్చాక చప్పుడు ఆగింది. అప్పుడు బిగించాం, అన్నీ కొంచెం కొంచెంగా.

ఇంక అడుగున పలకలు, వాటి మధ్య స్టీలు పట్టీలు వేయాలి. నేను పైన్ చెక్క అంటున్నాను, నాన్న టేకు తప్ప ఒప్పుకోవడం లేదు.